108 జటలు, నాలుగు స్టీమర్లు: ఒక కేస్ స్టడీ

గోదావరి డెల్టాలో పౌరాణిక నాటకాలకు, జాతర వేషాలకు విగ్గులు కట్టడం నా పని. పాతికేళ్లు దాటింది. వీరభద్రుడి వేషానికి సింథటిక్ జుట్టుతో జటలు చేస్తూ, వాటికి ఆవిరి పట్టే స్టీమర్ ఏది కొనాలని నన్ను అడిగిన ఒకామె కథ ఇది. ఈ కేసులో తప్పుడు సలహా ఒకటి నేనే ఇచ్చాను. అందుకే రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నా, పేరు, ఊరు, నాటక బృందం వివరాలు మాత్రం వదిలేశాను.

నేపథ్యం

నరసాపురం వైపు చాలా ఇళ్లలో లాగే ఆమె ఇంట్లోనూ లేసు అల్లకం ఉంది. తల్లీ అత్తా ఇద్దరూ అల్లినవాళ్లే. తను మాత్రం పెళ్లిళ్లకు పూలజడలు, సవరాలు కట్టడంలోకి వచ్చింది. క్రోషా సూది పట్టిన చెయ్యి కాబట్టి నైలాన్ జుట్టు తొందరగానే లొంగింది.

శివరాత్రికి ఒక బృందం వాళ్లు వీరభద్రుడి వేషానికి, పక్కన ఇద్దరు ప్రమథులకు జటాజూటాలు కావాలన్నారు. తలకు 36 జటల చొప్పున మొత్తం 108. లెక్క 108 అయ్యేసరికి బృందం పెద్దాయన శుభం అన్నాడట. చేసేవాళ్లకు మాత్రం అది 108 సార్లు ఆవిరి పట్టడం.

మా గురువుగారి కాలంలో జటలంటే జనపనారే. నల్లరంగు వేసి, పురిపెట్టి, తలకు తొడిగే వలకు కుట్టేవాళ్లం. వేషం వేసినవాడికి చెమట పట్టాక ఆ నార తడిసి బరువెక్కేది, మెడ మీద రంగు దిగేది. సింథటిక్ జుట్టు తేలిగ్గా ఉంటుంది, నీళ్లు పీల్చదు. జమైకాలో రస్తాఫారీ మతస్థుల వల్ల లోకానికి బాగా తెలిసిన డ్రెడ్‌లాక్స్‌ని ఇవాళ కుర్రాళ్లు ఈ జుట్టుతోనే చేయించుకుంటున్నారు. మన శివుడి జటకైనా పద్ధతి అదే. ఒక పాయ తీసుకుని, దువ్వెనతో వెనక్కి దువ్వి చిక్కుపెట్టి, గట్టిగా పురితిప్పి, ఆవిరి పట్టాలి.

ఆవిరి ఎందుకంటే, జడల ప్యాకెట్లలో ఎక్కువగా వచ్చేది మోడాక్రిలిక్ ఫైబర్. జపాన్ కంపెనీ కనేకా చేసే కనెకాలోన్ ఆ రకమే. మరిగే నీటి వేడికి దగ్గరగా వస్తే అది మెత్తబడుతుంది. ఆ మెత్తదనంలో ఏ రూపంలో పట్టుకుంటే చల్లారాక ఆ రూపంలోనే నిలుస్తుంది. ఇస్త్రీపెట్టె, హెయిర్ స్ట్రెయిట్‌నర్ లాంటివి దీనికి మరీ వేడి. పైపొర కరిగి ప్లాస్టిక్ తాడులా మెరుస్తుంది. ఆవిరి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి జుట్టు కాలే భయం తక్కువ.

ఆమె తెచ్చిన సమస్య

ఓ మధ్యాహ్నం ప్లాస్టిక్ కవర్లో 11 జటలు పట్టుకొచ్చింది. నాలుగింటికి పురి సగం విడిపోయింది. ఐదారు పైకి బాగానే ఉన్నాయి గానీ నొక్కితే లోపల తడి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన వాసన. రెండింటి మీద తెల్లటి పొడి మచ్చలు.

"మాస్టారూ, ఏ స్టీమర్ కొనమంటారండి?"

ఇలాంటి ప్రశ్నకు వెంటనే ఓ మోడల్ పేరు చెప్పేసే అలవాటు మాలో చాలామందికి ఉంది. ఆ రోజు నేనూ సగం అదే చేశాను. అయితే అంతకుముందు, ఇంతవరకు దేనితో చేశావమ్మా అని అడిగాను. చిక్కుముడి అక్కడే దొరికింది.

చేసి చూసినవి

మొదట వాడింది కరోనా రోజుల్లో ఇంటింటా కొన్న ప్లాస్టిక్ వేపరైజర్, జలుబుకు ఆవిరి పట్టుకునేది. వీటిలో చవక రకాలకు లోపల హీటర్ ఉండదు. రెండు లోహపు రేకులుంటాయి, వాటి మధ్య నీళ్లలోంచే కరెంటు పోతుంది. నీళ్లలో ఉప్పు ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఎక్కువ పారుతుంది. ఆవిరి రాకపోతే చిటికెడు ఉప్పు వేయమనేది అందుకే. అది నడుస్తున్నంతసేపూ లోపలి నీళ్లలో కరెంటు ఉంటుంది. మూత తీసి వేలు పెడితే షాక్ కొడుతుంది.

ఆమె ఇల్లు సముద్రానికి దగ్గర, చుట్టూ రొయ్యల చెరువులు. బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగులుతాయి. ఆ నీళ్లు పోస్తే వేపరైజర్ కుతకుతా ఉడికింది, ఒకటి రెండుసార్లు ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్) కూడా పడిపోయింది. మంచినీళ్ల టిన్నులోని ఆర్వో నీళ్లు పోస్తే ఆవిరి లేదు. దాంతో 'ఆవిరికి బోరు నీళ్లే మంచివి' అని ఆమె తేల్చుకుంది. చూసిందాన్ని బట్టే తేల్చుకుంది కాబట్టి ఇందులో ఆమెను తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ నమ్మకాన్ని తర్వాతి మిషన్‌కూ పట్టుకెళ్లింది.

ఆ తర్వాతి మిషన్ చేత్తో పట్టుకునే బట్టల స్టీమర్, 1000 వాట్లది. ఇందులో ఉండేది అసలైన హీటరే. దీనికి ఉప్పు అవసరం లేదు, పైగా శత్రువు. బోరు నీళ్లు ఆవిరైపోతే ఉప్పూ సున్నమూ లోపలే పెళ్లకడతాయి. వారం తిరిగేసరికి నాజిల్ రంధ్రాలు సగం పూడుకుపోయాయి. మిగిలిన సగంలోంచి ఆవిరితో పాటు వేడి నీటి చినుకులు ఎగిరిపడేవి. జటల మీద తెల్ల మచ్చలు ఆ చినుకులు ఆరిపోగా మిగిలిన ఉప్పే. లోపలి తడీ వాటిదే.

దానికి తోడు, ఆమె చేతి స్టీమర్‌ని నిలువుగా పట్టుకుంటేనే సరిగ్గా పనిచేస్తుంది. జట కింది కొసకు పట్టాలని వంచగానే ట్యాంకులో నీళ్లు ఒరిగి ఉమ్మేస్తుంది. ఆమె చూపుడువేలి మీద కాలిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. టూత్‌పేస్ట్ రాసిందట. వద్దమ్మా, కాలగానే ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టు, పేస్టులూ పసుపులూ రాయకు అన్నాను. ఆ మాటైనా కొనే ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మధ్యలో అత్తగారు ఒక ఉపాయం చెప్పారు. పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో ఆవిరికి ఉడికే ఇడ్లీలు) వండే పాత్రలో చిల్లుల పళ్లెం మీద జటలన్నీ ఒకేసారి పేర్చి ఆవిరి పట్టమని. ఆలోచన చెడ్డదేం కాదు. పాత్ర ఆవిరి నిండుగా, ఒకే తీరుగా తగులుతుంది. అయితే ఆ పావుగంటా జటల్ని పట్టుకునే చెయ్యి లేదు కదా. పురి వదులైపోయి, వదులైన రూపంలోనే గట్టిపడ్డాయి. చుట్లు చుట్లుగా అందంగానే తయారయ్యాయి గానీ వీరభద్రుడికి పనికిరావు.

నా తప్పుడు సలహా

ఇవన్నీ విని నేను అనుకున్నదేమిటంటే, ఆవిరికి బలం చాలడం లేదని. విడిపోయిన పురి, తడి ఆవిరి చూస్తే ఎవరికైనా అలాగే తోస్తుంది. కార్ల సీట్లు కడిగే ఒకాయన దగ్గర ప్రెషర్ స్టీమ్ క్లీనర్ అరువు తెచ్చి ఇచ్చాను. 3 బార్ ఒత్తిడి, చిన్న బాయిలర్.

ఆ మిషన్‌లో ఆవిరి పొడిగా వస్తుంది, నిజమే. కానీ జెట్‌లా వస్తుంది. బాయిలర్ లోపల వేడి 130 డిగ్రీలు దాటినా, బయటికి రాగానే ఆవిరి వ్యాపించి చల్లబడుతుంది, వేగం మాత్రం మిగులుతుంది. ఆ వేగానికి మేం ఓపిగ్గా పెట్టిన చిక్కు పైన పైన లేచిపోయి, జట కోడిపిల్ల నూగులా తయారైంది. దూరం పెడితే వేడి చాలదు, దగ్గర పెడితే వెంట్రుకలు లేస్తాయి. పావుగంటలోపే నీళ్లు అయిపోతాయి. ఒత్తిడి పూర్తిగా దిగేదాకా మూత తియ్యకూడదు కాబట్టి ప్రతిసారీ చల్లారేదాకా కూర్చోవాలి. తొందరపడి మూత తిప్పితే ముఖం మీదికి వస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలున్న చోట అది ఉండకూడదనిపించి మర్నాడే వెనక్కి ఇచ్చేశాను. ప్రెషర్ కుక్కర్ విజిల్ తీసి గొట్టం తగిలించే వీడియోలు కూడా ఆమె చూసిందట. దాని గురించి చర్చే అక్కర్లేదు, వద్దు.

రెండు రోజులు పోయాయి. ఆమె నన్ను ఏమీ అనలేదు గానీ, ఒక మాట అంది: "మాస్టారూ, మీ మిషనుదీ నా మిషనుదీ ఒకటే గొడవండి. ఒక చేత్తో మిషన్ పట్టుకుంటే జట ఒక చేతిలోనే ఉంటాది. ఒక చేత్తో పురి ఎలా ఆగుద్దండి?"

లేసు అల్లే మనిషి కాబట్టి అది ఆమెకు తట్టింది. ఎడమచెయ్యి దారాన్ని బిగపట్టి ఉంచకపోతే కుడిచేతి సూది ఎంత చురుగ్గా తిరిగినా అల్లిక వదులే. ఆవిరి బలం గురించి నేను ఆలోచిస్తుంటే, ఆమె చేతుల గురించి ఆలోచించింది.

మళ్లీ మొదటి నుంచి

అప్పుడు వాట్లు, బార్‌లు పక్కనపెట్టి పని ఏం అడుగుతోందో కాగితం మీద రాసుకున్నాం. రెండు అడుగుల జటకు పై నుంచి కింది దాకా ఆవిరి పట్టడానికి దాదాపు మూడు నిమిషాలు. 108 జటలకు 324 నిమిషాలు, అంటే ఐదు గంటల ఇరవై నాలుగు నిమిషాల ఆవిరి. చేతి స్టీమర్ ట్యాంకు 250 మిల్లీలీటర్లు. నిమిషానికి 20 గ్రాముల చొప్పున పన్నెండు నిమిషాల్లో ఖాళీ, అంటే నాలుగు జటలు. మొత్తం పనికి 27 సార్లు నింపాలి, నింపిన ప్రతిసారీ వేడెక్కేదాకా ఆగాలి. నిలబెట్టే స్టీమర్, అదే బట్టల షాపుల్లో గొట్టంతో ఉండేది, ట్యాంకు లీటరున్నర. నిమిషానికి 30 గ్రాములు పోయినా యాభై నిమిషాలు ఆగకుండా నడుస్తుంది. ఏడుసార్లు నింపితే పని అయిపోతుంది.

పెట్టె మీద 'నిమిషానికి ఇన్ని గ్రాములు' అని రాసేది చూసి కొనకూడదు. 30 డిగ్రీల నీటిని మరిగించి ఆవిరి చేయడానికి పట్టే వేడి లెక్కేస్తే, 1000 వాట్ల మిషన్ ఎంత గొప్పదైనా ఆగకుండా నిమిషానికి సుమారు 23 గ్రాములకు మించి ఇవ్వలేదు. 1500 వాట్లకు 35. అంతకంటే ఎక్కువ రాశారంటే అది నాలుగు సెకన్ల ఊపు లెక్క అయినా అయ్యుండాలి, లేదా ఆవిరితో కలిసి వచ్చే నీళ్లనైనా తూచి ఉండాలి. షాపులో అడిగి మిషన్‌ని నింపి వంటింటి త్రాసు మీద తూచి, ఐదు నిమిషాలు నడిపి, ప్లగ్ తీసి మళ్లీ తూస్తే నిజం తెలిసిపోతుంది. తెల్ల కాగితం ముందు పట్టి చూస్తే చినుకులు పడుతున్నాయా లేదా అన్నదీ తెలుస్తుంది. షాపువాడు విసుక్కున్నాడు. విసుక్కోనీ.

1500 వాట్ల నిలువు స్టీమర్ తీసుకున్నాం. అంతకంటే పెద్దది తీసుకోకపోవడానికి కారణం ఆమె ఇంటి వైరింగ్. 230 వోల్టుల దగ్గర 1500 వాట్లంటే ఆరున్నర యాంపియర్లు. మామూలు 6 యాంపియర్ల ప్లగ్‌కే అది ఎక్కువ. ఫ్రిజ్ పక్కన ఉన్న 16 యాంపియర్ల పవర్ ప్లగ్ ఒక్కటే దిక్కు. చేతి స్టీమర్‌ని అంతకుముందు ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టేది, దాని కన్నం అప్పటికే నల్లబడి ఉంది. మామూలు చిన్న ఇన్వర్టర్ మీద ఇవేవీ నడవవు, ఆ ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పాను.

నాజిల్‌ని ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. నా దగ్గర నాటకాల నాటి పాత మైక్ స్టాండ్ ఒకటి మూలన పడి ఉంది. దానికి నాజిల్‌ని ఛాతీ ఎత్తులో, ఆవిరి పక్కకు పోయేట్టు కట్టాం. ఇక ఆవిరి కదలదు, జటే కదులుతుంది. రెండు చేతులతో జానెడు జానెడుగా బిగపట్టి, పురి వదలకుండా ఆవిరి ముందునుంచి జరుపుకుంటూ పోవడమే.

మొదటి రోజు గొట్టం గుడగుడలాడి నాజిల్ మళ్లీ ఉమ్మింది. ఆమె ముఖం వాడిపోయింది. చూస్తే గొట్టం కిందికి వేలాడి, ఆ వంపులో ఆవిరి చల్లబడిన నీళ్లు నిలిచాయి. గొట్టాన్ని ఎత్తి కొక్కేనికి తగిలించి, నీళ్లు ట్యాంకులోకే వెనక్కి జారేట్టు చేశాక ఆగిపోయింది. నాజిల్ మూతి దగ్గర ఆవిరి కంటికి కనిపించదు. రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో తెల్లగా మారుతుంది. ఆ తెలుపు మొదలయ్యే చోటే జట ఉండాలి. ఇంకా వెనక్కి పోతే మనం పట్టేది పొగమంచు.

నీళ్లు ఆర్వో టిన్నువే. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఇంకా మంచిది గానీ దాదాపు పది లీటర్లు కొనాలంటే ఆమెకు మనసొప్పలేదు, నేనూ పట్టుబట్టలేదు. పాత చేతి స్టీమర్‌లో వెనిగర్ కలిపిన నీళ్లు గంటసేపు పోసి ఉంచితే సున్నపు పెళ్ల ఊడింది. ఇప్పుడది చీరల మడతలకు వాడుతోంది.

ఇంకో అడ్డంకి

ఇరవై జటలు బాగా వచ్చాక, ఇరవై ఒకటోది మొండికేసింది. ఎంత ఆవిరి పట్టినా పురి సగం తిరిగిపోతోంది. నేను మళ్లీ స్టీమర్‌నే అనుమానించబోయాను. ఆమె ప్యాకెట్లు తీసి చూపించింది, రెండు వేర్వేరు చోట్ల కొన్నవి. పెరట్లోకి వెళ్లి, గాలికి ఎదురు నిలబడకుండా, రెండింటి నుంచీ చిన్న పాయ పటకారుతో పట్టి వెలిగించాం. మొదటిది ముడుచుకుని నల్లబడి, మంట తియ్యగానే ఆరిపోయింది. రెండోది కరిగి బొట్లుగా కారింది. అది పాలియెస్టర్, వేడిని తట్టుకునే రకం. హెయిర్ స్ట్రెయిట్‌నర్లకు తట్టుకోవాలని చేసినది వట్టి ఆవిరికి పూర్తిగా లొంగదు. ఆ ప్యాకెట్లు వలకు అడుగు పొరగా కుట్టేశాం, ఎవరికీ కనిపించదు.

కొత్త ప్యాకెట్లను ముందుగా వెనిగర్ నీళ్లలో అరగంట నానబెట్టడం కూడా అలవాటు చేశాను. పైపూత తెల్లగా తేలి పోతుంది. అది పోకపోతే చెమట పట్టాక నుదురు దురద.

చల్లారడం

నిజానికి పురిని నిలబెట్టేది చల్లారే ఆ అర నిమిషమే. ఆవిరిలోంచి తీయగానే ఆమె జటను మంచం మీద పడేసేది. వేడిగా, మెత్తగా ఉన్న జట అక్కడ నిదానంగా తన పురి తనే విప్పుకునేది. దండెం కట్టి, జట రెండు కొసలకూ బట్టల క్లిప్పులు పెట్టి, బిగుతుగా ఆరేయించాను. మన తేమగాలిలో ఆరడం నెమ్మది కాబట్టి గది అవతలి మూల నుంచి ఫ్యాన్. ఫ్యాన్ స్టీమర్ వైపు తిరిగితే మాత్రం ఆవిరి చెదిరిపోతుంది. ఒక రాత్రంతా ఆరాకే వలకు కుట్టాలి, ప్లాస్టిక్ కవర్లో పెట్టకూడదు. ముక్కిన వాసన మళ్లీ రాలేదు.

చేతులకు లోపల పల్చటి నూలు గ్లౌజులు, పైన అంట్లు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకోమన్నాను. ఒక్క నూలువైతే ఆవిరి వాటిలోంచి దూరి, తడిసి, ఇంకా ఎక్కువ కాలుస్తుంది. కాళ్లకు చెప్పులు, కింద తడి లేకుండా గోనెపట్టా.

శివరాత్రి తర్వాత

వేషాలు వేసి, రాత్రంతా ఊరేగి, మూడు జూటాలూ వెనక్కి వచ్చాయి. కూర్చుని లెక్కపెడితే ఏడు జటలు విడిపోయాయి. ఆమె నోటుపుస్తకంలో ఏ జట ఎప్పుడు చేసిందీ రాసుకుంది, ఆ అలవాటు నాకు లేదు. ఏడూ రాత్రి ఎనిమిది దాటాక చేసినవే. చెరువుల మీద ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) తిరిగే వేళ వాళ్ల వీధిలో బల్బులు మసకబారతాయి. ఎలక్ట్రీషియన్‌తో కొలిపిస్తే 190 వోల్టులు వచ్చింది. వోల్టేజీ అంత తగ్గితే 1500 వాట్ల హీటర్ వెయ్యి వాట్ల పనే చేస్తుంది. ఆవిరి మూడింట రెండు వంతులకు పడిపోతుంది. చూపుకు మాత్రం ఆవిరి వస్తూనే ఉంటుంది, తేడా తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఎనిమిదింటికి స్టీమర్ పెట్టి, ఆ ఏడింటికీ ఒక్కోదానికి మూడు నిమిషాలు మళ్లీ ఆవిరి పట్టింది. ఇప్పుడు రాత్రిపూట జుట్టు దువ్వి పురితిప్పే పనే పెట్టుకుంటోంది. ఆవిరి పని పగలే.